లేని చేతి పిడికిలి

హన్మకొండలో పెద్ద దవాఖాన వెనక, మందుల గోదామును ఆనుకుని, నొప్పి మీద పరిశోధన చేసే గది ఒకటుంది. మధ్యాహ్నం దాటితే అటువైపు జనం పలచబడతారు. వరండాలో ఫినాయిల్ వాసన, క్యాంటీన్ నుంచి వచ్చే మిర్చి బజ్జీల వాసన కలిసిపోయి ఉంటాయి. ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. వినోద తన భర్త కొమురెల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, కొంగుతో అతని మొహం తుడిచింది. అది వాన తడి కాదు, చెమట.

కొమురెల్లికి కుడిచెయ్యి మోచేతి కింది నుంచి లేదు. లేని ఆ చెయ్యే నొప్పి పెడుతోంది.

అతను హసన్‌పర్తిలో ఆటో నడిపేవాడు. పోయిన వానాకాలం, కూతురు నవ్యను వెంటబెట్టుకుని ములుగు నుంచి వస్తుంటే ఆటో జారి వాగులో పడింది. అతని చెయ్యి ఆటో కింద ఇరుక్కుంది. నవ్య నీళ్లలోనే ఉండిపోయింది. అప్పుడే ఒకటో తరగతిలో చేరిన పిల్ల. నలిగిన చేతిని డాక్టర్లు తీసేశారు. గాయం మానింది కానీ నొప్పి పోలేదు. లేని వేళ్లు పిడికిలిగా బిగుసుకుంటున్నాయనీ, ఎముకలు నలుగుతున్నాయనీ పెడబొబ్బలు పెట్టేవాడు. ఒకనాడు పత్తికి కొట్టే పురుగుల మందు డబ్బా మోకాళ్ల మధ్య పెట్టుకుని మూత తిప్పుతూ వినోద కంటబడ్డాడు. ఒంటిచేత్తో మూత రాకపోవడం వల్లే అతను ఆమెకు దక్కాడు.

“అన్న చెప్పేది అబద్ధం కాదక్కా,” అంది డాక్టర్ హారిక. వయసులో చిన్నదైనా ఓపిక గల మనిషి. “చెయ్యి పోయినా మెదడుల దాని జాగ అట్లనే ఉంటది. నరాలు ఆఖరికి పంపిన కబురే మెదడు మళ్లమళ్ల వింటాంది. చెయ్యి తెరుచుకున్నట్టు కంటికి చూపెడితే మెదడు నమ్ముతది. కొందరికి నొప్పి తగ్గుతది. చూద్దాం.”

బల్ల మీద మూరెడు పొడవున్న చెక్కపెట్టె, దాని పక్కకు బిగించిన అద్దం. ఎడమచెయ్యి అద్దం ముందు పెట్టించి, మిగిలిన కుడిచేతిని పెట్టెలోకి దూర్చింది హారిక. అద్దంలో చూస్తే పోయిన చెయ్యి తిరిగొచ్చినట్టే ఉంది.

“రెండు పిడికిళ్లు ఒక్కసారే తెరువన్నా. మెల్లగ.”

కొమురెల్లి తెరవలేదు.

“నేను తెరువ.”

“ఎందుకయ్యా?” అంది వినోద.

“అది పిడికిలి కాదే...” గొంతు పూర్తిగా తగ్గించాడు. “నవ్య చెయ్యి. నీళ్లల్ల, ఇరికిన ఆ చేత్తోనే పట్టుకున్న. ఇడువలే. దాని వేళ్లు చానాసేపు ఆడినయి. తర్వాత ఆగినయి.”

బయట రేకుల మీద వాన చప్పుడు.

“చెయ్యి తీసేసినంక... మళ్ల ఆడుతానయి.”

ఇన్నాళ్లూ బిడ్డ ఇతని దగ్గర ఉందా! గోడకున్న చిన్న గౌనును వాసన చూస్తూ తను ఏడుస్తుంటే, ఆ పక్కనే ఇతను బిడ్డ చెయ్యి పట్టుకుని పడుకున్నాడా! ఒక్క క్షణం భర్త మీద కోపం పొంగింది. అంతలోనే పీక్కుపోయిన అతని కళ్లు కనిపించాయి. మందు డబ్బా గుర్తొచ్చింది.

“ఇడువయ్యా,” అంది అతని తల నిమురుతూ. “బిడ్డను ఇడిసిపెట్టు. నువ్వన్న నాకు మిగులు.”

కొమురెల్లి అద్దంలోకి చూస్తూ ఎడమ పిడికిలి తెరిచాడు.

అద్దంలోని చెయ్యి తెరుచుకోలేదు.

కాసేపాగి... ఒక్కో వేలూ విడివడింది. ఆ అరచేతిలో చిన్న చిన్న గోళ్లు దిగిన ఎర్రటి గుర్తులు. వినోద గబుక్కున అతని ఎడమ అరచెయ్యి చూసింది. అక్కడ ఏమీ లేదు. హారిక అద్దంలోకి చూడనేలేదు. ఆమె కొమురెల్లి మొహాన్నే గమనిస్తోంది.

“పోయింది,” అన్నాడతను. సంతోషమో, దుఃఖమో తెలియని గొంతు. పెట్టెలోంచి చేతిని బయటికి తీసుకుని, బల్ల మీద తల వాల్చి, ఆ వాలుగానే నిద్రలోకి జారిపోయాడు.

హారిక మొహం వెలిగిపోయింది. పెద్ద డాక్టరుకు చెప్పి వస్తానంటూ వరండాలోకి పరుగు తీసింది.

మబ్బు దట్టమై గదిలో వెలుతురు తగ్గింది. వాన ఉన్నట్టుండి ఆగింది. ఆ నిశ్శబ్దంలో... పెట్టెలోంచి చప్పుడు.

చెక్క మీద వేళ్లు పారాడుతున్న చప్పుడు.

వాగు ఒండ్రు వాసన గుప్పుమంది. వేళ్లు ఇటు తడుముతున్నాయి. అటు తడుముతున్నాయి. జాతరలో చెయ్యి జారి తప్పిపోయిన పిల్ల, అందిన ప్రతి చేతినీ పట్టి చూస్తున్నట్టు...

వినోదకు భయం వేసింది. కానీ ఆగలేకపోయింది. కుడిచెయ్యి పెట్టెలో పెట్టింది.

చల్లగా, తడిగా, చిన్న వేళ్లు. తన వేళ్లను ఒడిసిపట్టాయి.

“బిడ్డా... నేనే. అమ్మను.”

ఎముకలు విరుగుతున్నంత నొప్పి మోచేతి దాకా పాకింది. పంటి కింద పెదవి నొక్కుకుని, ఏడుస్తూనే నవ్వింది. ఎన్నాళ్లకు దొరికింది! రెండో చెయ్యి పట్టేంత చోటు లేదు. ఉన్న చేత్తోనే నవ్య అరచెయ్యి నిమిరింది. మెల్లగా మణికట్టు తడిమింది.

అక్కడ ఇంకెవరివో వేళ్లు ఉన్నాయి.

మణికట్టు చుట్టూ రెండు చుట్లు తిరిగి ఉన్నాయి. అంత పొడుగు వేళ్లు ఆమె ఎరిగిన మనుషులెవరికీ లేవు. అవి నవ్యను అటువైపుకు గుంజుతున్నాయి. తొందరేమీ లేనట్టు... కొంచెం కొంచెంగా.

“ఎవరితోని మాట్లాడుతానవే?” కొమురెల్లి కళ్లు మూసుకునే గొణిగాడు.

“ఎవరు లేరు. నువ్వు జర సేపు పండుకో.” వినోద పెట్టె మీదికి వంగింది. “నేను ఇడువ,” అని గుసగుసగా అంది... పెట్టెలోకి.

పెట్టె అవతలి వైపు చెక్కతో మూసి ఉంది. దాని పొడవు మూరెడే.

వినోద చెయ్యి అప్పటికే భుజం దాకా లోపలికి పోయింది.