కాలగడియారంలో వంగిన తీగ

మణికేతన రాజ్యంలో కాలం పరుగు లంకించుకుంది. పొద్దున నాటిన నారు మధ్యాహ్నానికే పండి రాలిపోతోంది. ఉయ్యాలలోని పిల్లలకు సాయంత్రానికల్లా మీసాలొస్తున్నాయి. రాజ్యంలో కాలాన్ని నడిపేది కోటలోని కాలగడియారం. దాన్ని కాపలాదారు భైరయ్యే పాడుచేశాడని రాజు అతణ్ణి చెరసాలలో వేయించాడు.

నిజానికి పాడుచేసింది గడియారాల పని నేర్చుకుంటున్న కుందవల్లి. లోపల వెంట్రుకంత సన్నని తీగచుట్ట ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటే ముచ్చటపడి పట్టకారుతో తాకింది. తీగ వంగి, చుట్లు అతుక్కుపోయాయి. భైరయ్యను సంకెళ్లతో లాక్కుపోతుంటే ఆమె పట్టకారును వీపు వెనక దాచేసింది.

చెరలో అతను గంటగంటకూ ముసలివాడైపోతున్నాడు. కుందవల్లి గడియారం బాగుచేసి తెస్తానని రాజును ఒప్పించి, అరచేతిలో ఇమిడే దాన్ని కొంగున కట్టుకుని, ఆ సన్నని తీగ చిన్న గాలికే కదిలిపోతుంది గనుక, గాలి చొరబడని నిశ్చలగుహకు బయలుదేరింది.

అడవిలో చెట్లు కళ్లముందే మొలిచి దారి మూసేస్తున్నాయి. వాటి సందుల్లోంచి దూరి బయటపడింది. వాగు దగ్గర గండభేరుండం అడ్డగించి, గడియారం ఎవరు పాడుచేశారని అడిగింది. ఎవరో కాపలాదారు అని చెప్పి దాటింది కుందవల్లి. మరుక్షణం కొంగు బరువెక్కింది. కొండ కింద కొండచిలువ అడిగినా అదే చెప్పింది. బరువు రెట్టింపైంది. ఇక మొయ్యలేక, కొంగును ఈడ్చుకుంటూ గుహ చేరింది.

గుమ్మంలో కూర్చున్న జడలు కట్టిన రాక్షసి పకపకా నవ్వింది. "చిటికెడు గడియారం మొయ్యలేక చస్తున్నావేమే పిల్లా? ఎవరు పాడుచేశారు?"

కుందవల్లి తల దించుకుంది. "నేనే. భైరయ్య మామ దాన్ని ముట్టనైనా ముట్టలేదు."

కొంగు దూదిలా తేలికైంది. రాక్షసి పక్కకు జరిగింది.

లోపల దీపం వెలుగులో ఆమె అతుక్కున్న చుట్లను విడదీయబోయింది. తీగ మరింత మెలిపడింది.

"అక్కడ లాగితే ఏం లాభం?" అని కసిరింది రాక్షసి. "చుట్లు అతుక్కున్నది అక్కడే గానీ, వంపు మొదలైంది వేరేచోట. అది వెతుకు."

కుందవల్లి తీగ వెంట చూపు నడిపి ఆ చోటు పట్టుకుంది. రెండు పట్టకార్లతో, ఊపిరి బిగబట్టి, రవ్వంత నొక్కింది. చుట్లు విడివడి గుండ్రంగా విచ్చుకున్నాయి. బయట పరుగెడుతున్న మబ్బులు నెమ్మదించాయి.

ఆమె గడియారంతో కోటకు తిరిగిరాగానే రాజు సంతోషించి అర్ధరాజ్యం ఇస్తానన్నాడు. నోరు మూసుకుంటే చాలు, అదంతా తనదే. కుందవల్లి నిండుసభలో తన తప్పు చెప్పేసింది.

రాజు గడియారాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. చివరికి, అర్ధరాజ్యం మాట మరిచిపొమ్మనీ, ఇకమీదట కాలగడియారం బాధ్యత మాత్రం ఆమెదేననీ తీర్పు చెప్పి, భైరయ్యను పిలిపించాడు. జుట్టంతా తెల్లబడి వచ్చిన అతని కాళ్లమీద పడి ఆమె ఏడ్చింది.

"లేమ్మా. ఇది మళ్లీ నల్లబడదు," అన్నాడు భైరయ్య తల తడుముకుంటూ. "ఈసారి గడియారం విప్పేటప్పుడు నన్ను పిలువు. గాలి రాకుండా తలుపు దగ్గర నేనుంటాను."