ఈ పేజీ ఓనర్ ఎవరు?

పరుగు!

ఉప్పళం సందుల్లో శ్యామ్‌సుందర్ ముందు... జనని వెనక.

మిట్టమధ్యాహ్నం. పుదుచ్చేరి షట్టర్లన్నీ దించేసి కునుకు తీసే వేళ. రోడ్డు మీద పిట్ట లేదు. చెప్పుల చప్పుడొక్కటే... టప్! టప్! టప్!

"ఆగరా శ్యామూ!"

ఆగడు. చంకలో గుడ్డ సంచి ఇరికించుకుని మలుపు తిరుగుతాడు.

పొద్దున మేట్టుపాళయంలోని తన ఆక్సిజన్ గోడౌన్‌కొచ్చి ఏడ్చిన మనిషి గొంతు ఇంకా జనని చెవుల్లోనే ఉంది.

"ఫోన్ మ్యాప్‌లో ఉన్నది మీ షాపు నంబరే కదమ్మా! డబ్బు కట్టించుకున్నారు. సిలిండర్ ఏదీ? మా అమ్మకి ఊపిరాడటం లేదు!"

వెంటనే సిలిండర్ పంపింది. తర్వాత మ్యాప్‌ తెరిచింది.

'భక్తవత్సలం ఆక్సిజన్'. పేరు తండ్రిది. ఫోటో గోడౌన్‌ది. నంబర్ మాత్రం...

ఎవరిదో!

మారుద్దామంటే లాగిన్ లేదు. పేజీ తెరిచిందీ, నడిపేదీ శ్యామ్ ఏజెన్సీ. పాస్‌వర్డ్ వాడి దగ్గరే.

అగ్రిమెంట్? రాసుకోలేదు. వాడు మనోడు కదా!

ఊరంతా తమిళం మాట్లాడుతుంటే, వాడు గుమ్మంలో నిలబడి తెలుగులో "యాడున్నావక్కా?" అన్నాడు. ఆ ఒక్క పిలుపుకే కరిగిపోయింది. అడగ్గానే ఆధార్ కాపీ కూడా ఇచ్చేసింది.

సందు చివర గోడ!

శ్యామ్ ఇరుక్కుపోయాడు. జనని వాడి కాలర్ పట్టుకుంటుంది.

"ఏందిరా ఇది? మనుషుల ప్రాణాలతో ఆటలా?"

"నాకేం తెల్దక్కా! ఎవరో హ్యాక్ చేసినారు..."

"హ్యాకా? 'పాస్‌వర్డ్ నా బుర్రలో తప్ప యాడా లేదు' అని గొప్పలు పోయింది నువ్వే కదరా!"

జనని కాలర్ ఇంకా బిగిస్తుంది.

"పేజీ నాకియ్యి. ఇప్పుడే!"

"సరిక్కా."

జనని చెయ్యి సడలుతుంది.

దీపావళి నుంచి అడుగుతుంటే "రేపక్కా, ఎల్లుండక్కా" అన్నవాడు... ఇంత ఈజీగానా?

శ్యామ్ ఫోన్ తీసి టకటకా నొక్కుతాడు. జనని ఫోన్ వణుకుతుంది.

'ఈ పేజీకి ఓనర్‌గా ఉండటానికి మీకు సమ్మతమేనా?'

వాడి కళ్ళు ఆమె వేలి మీదే ఉన్నాయి. చెమట కంట్లోకి కారుతున్నా తుడుచుకోడు.

ఏదో తేడా...

కానీ ఆ నంబర్ అక్కడున్నంతసేపూ ఇంకెవరో డబ్బు కడతారు. ఇంకెవరికో ఊపిరి ఆగుతుంది!

నొక్కేస్తుంది.

'ఇక మీరే ఓనర్.'

"ఇంద, ఇది కూడా పట్టు!" శ్యామ్ సంచి ఆమె చేతిలో కుక్కుతాడు. "నీ షాపు కార్డులు, ఫోటోలు. నీ సావాసానికో దండం తల్లీ!"

జనని నంబర్ మార్చబోతుంది. వేలు స్క్రీన్‌ని తాకేలోపు...

సందు మొదట్లో జీపు!

ఎస్సై తమిళరసి దిగుతుంది. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు.

"భక్తవత్సలం ఆక్సిజన్ పేజీ ఎవరిది?" తమిళంలో అడుగుతుంది.

అబ్బ! సమయానికొచ్చారు!

"నాదే మేడమ్!" జనని ఫోన్ ఎత్తి చూపిస్తుంది. "చూడండి... ఓనర్ నేనే!"

ఎస్సై నవ్వదు.

"అందులో ఉన్న నంబర్‌కి డబ్బు కట్టి, చివరిదాకా సిలిండర్ అందక ఓ ముసలామె ఇందాకే చనిపోయింది. ఆ సిమ్ జనని అనే పేరు మీదుంది."

ఆధార్ కాపీ...!



ఎస్సై తన ఫోన్‌లో ఆ నంబర్ డయల్ చేస్తుంది.



ట్రింగ్!

జనని చేతిలోని సంచిలోంచి!

"శ్యామూ..." జనని వాడి వైపు తిరుగుతుంది. "చెప్పరా! వీళ్ళకి నిజం చెప్పరా!"

శ్యామ్ కాలర్ సర్దుకుంటాడు. మెల్లగా నడిచి వెళ్ళి ఎస్సై పక్కన నిలబడతాడు.

"మీకు కాల్ చేసింది నేనే మేడమ్. ఈవిడే!"

ఒక్క తెలుగు ముక్క లేదు.

తేట తమిళం!