పన్నెండో ప్రశ్న

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. పదో తరగతి తప్పి ఆ పనిలో చేరాను. ఆ తర్వాత చదివిందంతా దిద్దుతూ చదివిందే. వైద్యమో, చట్టమో, వంటలో, ఏది అచ్చుకొస్తే అది. కాబట్టి డాక్టరు కనబడగానే చేతులు కట్టుకుని నిలబడే రకం కాదు నేను.

నా కళ్లజోడు మైనస్ తొమ్మిది. అది లేకపోతే జానెడు దూరం దాటాక లోకమంతా తడికాగితం మీద పారిన సిరాయే. పొద్దున ముందు కళ్లజోడు, తర్వాతే నేలమీద కాలు. రాత్రి దీపం ఆర్పాకే తీస్తాను. మొన్న వానల్లో బస్టాపు దగ్గర ఎవరి మోచెయ్యో తగిలి అది కిందపడి రెండు అద్దాలూ పగిలాయి. రోడ్డు దాటలేక ముప్పావుగంట స్తంభం పట్టుకుని నిలబడ్డాను. చివరికి ఎవరో పుణ్యాత్ముడు, బడిపిల్లని దాటించినట్టు చెయ్యిపట్టి దాటించాడు. కొత్త అద్దాలు వేయించుకున్నాను గానీ, ఆ రోజే అనుకున్నాను, కళ్లజోడు అక్కర్లేకుండా లేజర్ ఆపరేషన్ చేయించుకోవాలని. ఎక్కడ అన్నదే గొడవ. తేడా వస్తే పోయేది నా చూపు. దానితోపాటే నా కూడు, నా చదువు.

ఈ గొడవేమిటో మా చెల్లెలికి అర్థం కాదు. తను నిరుడు పెద్ద కంటి ఆసుపత్రిలో చేయించుకుంది. నేను చేయించుకున్నచోటే చేయించుకో అక్కా అని రోజూ అదే పాట. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ఒకప్పుడు డబ్బామూత సరిగా పెట్టలేదని కూడా నాతో పోట్లాడేది. ఆపరేషన్ అయ్యాక ఏడాదిగా గొంతు లేపలేదు, నేనెన్ని మాటలన్నా నవ్వి ఊరుకుంటుంది. లేజర్ కోపానికి కూడా పనిచేస్తుందేమో, కరపత్రంలో ఆ సంగతి వేయడం మరిచారు అనుకున్నాను. ఆసుపత్రిలో పరిచయమైన ఒకావిడ సాయంత్రాలు తనకోసం వస్తుందట. నేనెప్పుడూ చూడలేదు. ప్రెస్సు నుంచి ఇల్లు చేరేసరికి తొట్టిలో రెండు టీకప్పులు మాత్రం కనబడేవి.

నోటుబుక్కులో పన్నెండు ప్రశ్నలు రాసుకున్నాను. పరీక్ష చేసిన డాక్టరే ఆపరేషన్ చేస్తాడా, ఇంకొకరా? కంటిపొర ఎంత పల్చగా ఉంటే చేయరు? తేడా వస్తే మళ్లీ చూసేదెవరు? ఇలా పదకొండు. చివరిది మాత్రం నా ఎత్తిపొడుపు. ఇది అంత మంచిదైతే మీరెందుకు కళ్లజోడు పెట్టుకున్నారు?

మొదట చెల్లెలు చెప్పినచోటికే, తనని వెంట రావద్దని చెప్పి, వెళ్లాను. పెళ్లిహాలంత వరండా. కౌంటరులో అమ్మాయి వెండి, బంగారు, ప్లాటినం అని మూడు రకాలు చూపించింది. పొర మందం సంగతి అడిగితే, ప్లాటినం తీసుకుంటే కారు పెట్టుకునే చోటు ఉచితమంది. నాకు కారు లేదు తల్లీ, కళ్లున్నాయి అన్నాను. అది కూడా రాసుకుంది.

తర్వాత చీకటిగది. ఏసీ చల్లదనం, స్పిరిట్ వాసన. దాని అడుగున ఇంకో వాసన... తడిసిన ఉన్నిది. టెక్నీషియను నా కళ్లజోడు తీసి పళ్లెంలో పెట్టాడు. పద్దెనిమిది అడుగుల దూరంలో అక్షరాల బోర్డు, నాకు ఒట్టి తెల్లమరక. పైవరుస చదవమన్నాడు. ఏ వరుసయ్యా అన్నాను.

బోర్డు కింద స్టూలు మీద ఒకావిడ కూర్చుని ఉంది. నీలం స్వెటరు. ఎడమచేతి అంచున ఊడి వేలాడే దారప్పోగు. మణికట్టుకి వాచీ, అందులో నాలుగుంబావు. పనిలో ఉన్న మనిషి అనుకుని చూపు బోర్డు మీదికి తిప్పాను. మరక.

అప్పుడు తెలిసింది. బోర్డు నాకు కనబడటంలేదు. గోడ కనబడటంలేదు. వాచీలో ముళ్లు కనబడుతున్నాయి.

"అక్కడ కూర్చున్నదెవరు?"

"ఎవరో పేషెంటు తాలూకు అయ్యుంటారు మేడం. బోర్డు చూడండి."

అతను అద్దాలు బిగించాడు. బోర్డూ గోడా స్టూలూ తేటపడ్డాయి. ఆవిడ కూడా అక్కడే ఉంది, మామూలుగా, అందరిలాగే. లోపలి డాక్టరు నాకు రెండు నిమిషాలిచ్చాడు. పన్నెండో ప్రశ్నకి నవ్వి బెల్లు నొక్కాడు.

రెండోచోటు ఇంకా అన్యాయం. నలభైమందిని ఒక హాల్లో కుదేసి టోకెన్లిచ్చారు. నా తర్వాత వచ్చినవాళ్లని ముందు పిలుస్తున్నారేమని అడిగితే, కంప్యూటరు అలా చెబుతోందన్నారు. కంప్యూటరుతో నేను మాట్లాడతానన్నాను, కూర్చోమన్నారు. రెండున్నర గంటలు. ఉడుకెత్తిపోయి, అద్దాలకు పట్టిన ఆవిరి తుడుద్దామని కళ్లజోడు తీశాను.

నలభై రంగుమరకలు. మధ్యలో ఒక మనిషి.

నీలం స్వెటరు, దారప్పోగు. నాకు మూడు వరుసల ముందు, ఇటు తిరిగిన కుర్చీలో కూర్చుని పత్రిక తిరగేస్తోంది. కళ్లజోడు పెట్టుకున్నాను. నలభైమందీ తేటగా ఉన్నారు. ఆవిడ వాళ్లలో ఒకతె అయిపోయింది. పక్కనున్న తల్లి ఆవిడకి చోటివ్వడానికి పిల్లాణ్ణి ఒళ్లోకి లాక్కుంది కూడా. ప్రతివాళ్లూ ఆవిడని ఇంకెవరి తాలూకో అనుకుంటున్నారు... మళ్లీ తీశాను. మరకలు. ఆవిడ. ఈసారి తలెత్తి నన్నే చూస్తోంది.

లేచొచ్చేశాను. భయపడ్డానని ఒప్పుకోను. రెండున్నర గంటలు కూర్చోబెట్టారన్న కోపంతో వచ్చేశానని ఇంటిదాకా నాకు నేనే చెప్పుకున్నాను.

మూడోది పుస్తకాల దుకాణం పైన, ఇరుకుమెట్లెక్కితే రెండు గదులు. ముసలి డాక్టరొక్కడే. ప్రెస్సుకి సెలవుపెట్టి మధ్యాహ్నం వెళ్లాను. పదకొండు ప్రశ్నలకీ వరుసగా, తొందరలేకుండా జవాబు చెప్పాడు. కాగితం మీద కంటిపొర గీసి చూపించాడు. తెలియనిచోట తెలియదన్నాడు. ఆ మాట వినడానికే కదా ఇన్నాళ్లూ మెట్లెక్కి దిగాను. ఇక ఇతనే అని లోపల అనేసుకున్నాను. ఊరికే, అలవాటుకొద్దీ పన్నెండోది కూడా అడిగాను. ఆయన అద్దాలు నావాటికన్నా మందం.

ఆయన లేచి తలుపు మూసొచ్చాడు.

"తీసేసి చూడ్డానికమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.

నీలం స్వెటరు గురించి చెప్పాను. ఎవరని అడగలేదు, పిచ్చా అనలేదు. ఎంత దూరంలో అని మాత్రం అడిగాడు. మొదట పద్దెనిమిది అడుగులు, తర్వాత మూడు వరుసలన్నాను. తలూపాడు.

"మీ ఇంట్లో ఎవరైనా చేయించుకున్నారా?"

"మా చెల్లెలు. నిరుడు."

కలం కింద పెట్టేశాడు. "నేను చెయ్యను. మీరు ఎక్కడా చేయించుకోకండి. చేయించుకున్నాక అందరూ ఒక్కలాగే కనబడతారు."

నాకు ఒళ్లుమండింది. పదకొండు ప్రశ్నలకి అంత వివరంగా చెప్పి దీనికి సగం మాటేమిటి? నిలదీశాను. చెల్లెలికేమైందన్నాను. ఆయన తన కళ్లజోడు తీసి, నా భుజం మీదుగా, నా వెనక మూలకి చూశాడు. చాలాసేపు. గదిలో తడిసిన ఉన్ని వాసన...

"వెళ్లండి," అన్నాడు. "మెట్లమీద మాత్రం అద్దాలు తీయకండి."

ఎండలో నడిచాను. రోడ్డునిండా మనుషులు, అందరూ తేటగా. పాలవాడు, ట్రాఫిక్ పోలీసు, పక్కనుంచి రాసుకుపోయిన పెద్దావిడ. ఒక్కొక్కళ్లనీ చూస్తూ, చెయ్యి కళ్లజోడుదాకా పోవడం, వెనక్కి రావడం. ఇంటికి చేరేసరికి నాలుగు దాటింది.

తలుపు తీసే ఉంది. గుమ్మంలోనే ఆ వాసన తగిలింది. హాలు అవతలి చివర బల్ల దగ్గర చెల్లెలు. దాని ఎదురుగా, నాకు వీపు పెట్టి, ఒకావిడ. రెండు టీకప్పులు. నీలం స్వెటరు.

"తొందరగా వచ్చావే అక్కా. రా. ఇన్నాళ్లకి కుదిరింది మీ ఇద్దరికీ."

మంచి మనుషుల్లా ఉన్నారు ఇద్దరూ. ఎవరైనా చూస్తే కుర్చీ లాక్కుని తామూ కూర్చుంటారు. నా చెయ్యి పైకి లేచింది.

"ఎందుకక్కా," అంది చెల్లెలు మెల్లగా. "ఉండనీ."

తీశాను.

గోడ పోయింది. కిటికీ పోయింది. బల్ల, కప్పులు, అన్నీ నీళ్లలో కలిసిపోయాయి. నీలం స్వెటరు మాత్రం ఉంది, ప్రతి అల్లికా, ప్రతి పోగూ. అది తెలిసిందే. అందుకు సిద్ధపడే తీశాను.

దాని ఎదురుగా చెల్లెలి ముఖం. గడ్డం కింద పుట్టుమచ్చ. కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ...

నా చెల్లెలు కూడా తేటగా ఉంది.

దాని చేతిలో ఆ పెద్ద కంటి ఆసుపత్రి కార్డు. నాకు చూపిస్తున్నట్టు ఎత్తిపట్టుకుంది. జానెడు దాటితే అక్షరం ఆనని నేను, కళ్లజోడు చేతిలో పట్టుకుని, గుమ్మంలో నిలబడి చదివాను. నా పేరు. ఆపరేషన్ రేపు, పొద్దున పది. తోడు వచ్చేవారు అన్నచోట, ఇద్దరు.

అచ్చుతప్పు ఒక్కటీ లేదు.