గేటు ముందర తడి

బుక్కరాయసముద్రంలో చెరువు కట్ట దిగి లోపలికి పోతే, కొత్త కాలనీ మూడో వీధిలో ఒక ఇల్లుంది. మిద్దె మీద యజమానులు, కింద రెండు పోర్షన్లు. ఎడమ పోర్షన్‌కు కట్టిన బాడుగ బోర్డు ఎండకు వెలిసిపోయింది గానీ దిగలేదు. చీకటి పడితే ఆటోవాళ్లు ఆ వీధిలో హారన్ కూడా కొట్టరు... ఎవరైనా తిరిగి చూస్తారేమోనని.

రాత్రి రెండు గంటలకు ఆ గేటు గొళ్లెం కదులుతుందంట.

టక్... టక్... టక్...

మూడే మూడుసార్లు. తెల్లారి చూస్తే గేటు బయట చేటంత తడి. నాలుగు దినాలకొకసారి కొళాయి వచ్చే ఊర్లో, నేల నెర్రెలిచ్చిన ఎండల్లో — ఎప్పుడూ అదే చోట తడి.

మొదట దిగిన గుమాస్తా కుటుంబం పద్దెనిమిది దినాలకే సామాను ఎత్తేసింది. తర్వాత నర్సింగు చదివే ఆడపిల్లలు ముగ్గురు వచ్చినారు. ఒక పిల్ల కిటికీ సందులోంచి చూసింది. తలకు గుడ్డ కట్టుకున్న ఆకారం గేటు కింద గొంతుకూర్చుని, నేలతో మాట్లాడతా ఉండిందంట. మర్నాడు ముగ్గురూ అడ్వాన్సు కూడా అడక్కుండా వెళ్లిపోయినారు.

ఇంటాయన పుల్లన్నకు నిద్ర పట్టేది కాదు. విడపనకల్లు కాడ బోర్లు ఎండిపోతే చేను అమ్మి, చాలక బ్యాంకులో అప్పు తెచ్చి కట్టిన ఇల్లు. బాడుగ తగ్గిద్దామా? కుడి పోర్షన్ వాళ్లూ తగ్గించమంటారు. శెనక్కాయ వ్యాపారులకిచ్చి మూటలు దించుకోనిద్దామా? ఎలుకలు మిద్దెంతా తవ్వుతాయి. అమ్ముదామా? దెయ్యం పేరు చెప్పి సగం ధరకు అడుగుతారు.

ఆయన భార్య రామలక్ష్మమ్మ ఏమీ అనేది కాదు. మెత్తని మనిషి. దేవుని కాడ దీపం పెట్టకుండా పచ్చి నీళ్లు ముట్టదు. ఆమె నోట అబద్ధం రాదని వీధంతా అంటారు.

అందుకే ఇల్లు చూడవచ్చిన ప్రసూన టీచరు ఆమెనే అడిగింది.

"ఇల్లు నచ్చినాదమ్మా. మా అమ్మ గుండె జబ్బు మనిషి, భయపడకూడదు. మీరొక్క రాత్రి ఆడ పడుకోండి. ఏమీ లేదని మీ నోటితో చెప్తే రేపే అడ్వాన్సిస్తా."

టీచరు పోతానే భార్య వెంటబడినాడు పుల్లన్న. "పోయి పడుకోవే. దెయ్యమున్నా నీ పూజలకు అదే పారిపోతాది."

"నువ్వూ రా మరి."

"నాకు నడుము నొప్పి గదా!"

"చీకటి పడితేనే వస్తాది నీ నడుము నొప్పి," అంటూ ఆమె చాప చంకన పెట్టుకుని కిందికి దిగింది.

దిగింది గానీ, గడప కాడ ఆగిపోయింది. ఆ చప్పుడు ఎవరిదో ఆమెకు తెలుసు.

నల్లమ్మది.

ఏడాది కిందట ఆ పోర్షన్‌లో యేసన్న, అతని భార్య నల్లమ్మ బాడుగకుండేవాళ్లు. యేసన్న చీనీకాయల మండీలో బత్తాయి బస్తాలు మోసే హమాలీ. ఒక్క నెలా బాడుగ ఆలస్యం చేసిన మనుషులు కాదు. నల్లమ్మకు జబ్బు ముదిరింది. ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు ఆసుపత్రిలో. ఆ సాయంత్రం రామలక్ష్మమ్మ గోడ మీది క్యాలెండరు చూసింది.

"రాత్రి తొమ్మిదికి ధనిష్ఠ వస్తాది. ఆ నక్షత్రంలో ఇంట్లో ప్రాణం పోతే ఆరు నెలలు ఇల్లు మూసిపెట్టాల," అంది మొగునితో.

"వాళ్లు చర్చికి పోయేటోళ్లు. వాళ్లకు యాడిదే ఈ పట్టింపు?"

"వాళ్లకు లేకపోతే ఏం? ఇల్లు మనది."

అంతే. పుల్లన్న మంచం గేటు బయట వేయించినాడు. "నక్షత్రం పోతానే లోపలికి తెచ్చుకుందువులే యేసన్నా," అని ఇంటికీ గేటుకూ తాళాలు వేసుకుని పైకెక్కినాడు. లోపల గాలాడక బయట పడుకున్నారని వీధిలో చెప్పినాడు.

రెండు గంటలప్పుడు గొళ్లెం చప్పుడైంది. మూడుసార్లు.

"అమ్మా... నీళ్లడుగుతాంది... కడవ లోపలుండాది..."

కుడి పోర్షన్ వాళ్లు ఆ రాత్రి ఊర్లో లేరు. పుల్లన్న గురక పెడతా ఉన్నాడు. రామలక్ష్మమ్మ ఒక్కతే మేలుకుని ఉండింది. లేస్తే తాళం తియ్యాల. తీస్తే లోపలికి తెస్తారు... గోవిందనామం చెప్పుకుంటూ కళ్లు గట్టిగా మూసుకుంది.

తెల్లారేసరికి నల్లమ్మ లేదు.

"నిద్ర పట్టేసినాది యేసన్నా, వినపడలేదు," అని చెప్పింది. ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. పుల్లన్నకు కూడా తెలీదు.

ఆరు నెలలు మూతబడకూడదనుకున్న ఇల్లు, అప్పటినుంచి తెరిచున్న దినాలకంటే మూసున్న దినాలే ఎక్కువ.

ఇప్పుడు అదే గదిలో చాప మీద కూర్చుని, పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకుని, గోవిందనామమే చెప్పుకుంటా ఉంది. ఒంటి గంట... ఒకటిన్నర... వీధిలో కుక్క ఒకటి మొరిగి, ఉన్నట్టుండి ఆపేసింది.

టక్...

చెంబు చేతికి తీసుకుంది.

టక్... టక్...

తలుపు తీసింది. గేటు కింద, మంచం వేసిన చోటే, తలకు గుడ్డ కట్టుకున్న ఆకారం గొంతుకూర్చుని ఉంది.

"నల్లమ్మా..." చెంబు ముందుకు చాపింది. "నీళ్లు తెచ్చినానమ్మా..."

ఆకారం తల తిప్పింది.

"నేనమ్మా. యేసన్నను."

చీనీకాయల వాసన. చేతిలో నీళ్ల సీసా. మనిషి సగమైపోయినాడు.

"మండీలో లోడెత్తేసరికి ఈ పొద్దవుతాది. పోతాపోతా దానికి రెండు గుక్కలు పోసిపోతా. మా పాస్టరయ్య తప్పంటాడు. పాణం ఒప్పదు."

"గొళ్లెం... ఎందుకు కొడతావప్పా?"

"ఆ పొద్దు ఎవురూ లెయ్యలేదు గదమ్మా. ఈ పొద్దన్నా లేస్తారేమోనని."

ఆమె గేటు తాళం తీసింది. "లోపలికి రాప్పా."

యేసన్న కదల్లేదు.

"నక్షత్రం పోయినాదా అమ్మా?"

చెంబులో నీళ్లు ఆమె కాళ్ల మీద ఒలికినాయి. యేసన్న లేచి సైకిలు స్టాండు తీసినాడు.

"మీకు బాడుగ పోతాంటే చెప్పండి. రేపట్నించి రాను."

వద్దని గానీ రమ్మని గానీ ఆమె నోరు తెరవక ముందే, సైకిలు మలుపు తిరిగిపోయింది.

పొద్దున ఎనిమిదికే ప్రసూన టీచరు వచ్చింది. పుల్లన్న కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, "చెప్పవే," అన్నాడు నవ్వుతా.

"రాత్రి ఏమైనా చప్పుడైందా అమ్మా?"

"అయింది."

"ఏం చప్పుడు?"

యేసన్న అని చెప్తే, ఎందుకొస్తాడని అడుగుతుంది. మంచం సంగతి చెప్పాల. గొళ్లెం సంగతి చెప్పాల. ఆ పైన, మేలుకున్న సంగతి...

"దెయ్యమే తల్లీ," అంది రామలక్ష్మమ్మ మెల్లగా. "ఉండాది."

టీచరు బ్యాగు జిప్పు మూసుకుని లేచింది. గేటు బయట తడిని తొక్కకుండా దాటి వెళ్లిపోయింది.

పుల్లన్న మొహం మాడిపోయింది. "ఏం చూసినావే? ఎవురి దెయ్యం?"

"ఆడమనిషిది," అంది ఆమె, తడివైపే చూస్తా. "గొళ్లెం కొట్టి పిలిచినా లెయ్యదు."