ఊరగాయ సీసాల్లో మరలు

కువైట్‌లో రుమైథియా పేటలోని ఆ ఇంట్లో గంగాధర పెళ్ళాం వెంకటేశ్వరికి ఇద్దరు మామలు. ఇంటావిడను, అరబ్బీలో అమ్మ అనే అర్థంతో, పనివాళ్ళందరి లాగే ఆమె "మామా" అంటుంది. మేనమామను చేసుకుంది గనక మొగుణ్ణీ "మామా" అనే అంటుంది. ఒక్క పిలుపుకు ఇద్దరూ పలికిన రోజులున్నాయి. ఆ పొద్దున మాత్రం టీ గ్లాసుతో గరేజీ గుమ్మంలో నిలబడి "మామా" అంటే ఒక్కరూ పలకలేదు. ఇంటావిడ రేడియోకు చెవి ఆనించి కూర్చుంది. గంగాధర కారు కింద ఉన్నాడు.

ఇరాక్ సైన్యం వచ్చి కువైట్‌ను ఇరకాటంలో పెట్టి అప్పటికి మూడు వారాలు. ఫోన్లు పలకవు, రొట్టెకు వీధి పొడుగునా వరస. గంగాధర మాత్రం రోజూ లాగే కారు కింద వెల్లకిలా పడుకున్నాడు. వెనక చక్రం పైన, బాడీ లోపలివైపు నల్లరంగుతో రాసి ఉన్న అరబ్బీ అక్షరాలను వేలితో తాకి కళ్ళకద్దుకున్నాడు. తను సెలవు మీద ఊరికి పోయినప్పుడు ఇంటి యజమాని, వాళ్ళు బాబా అని పిలిచే పెద్దాయన, రాసిన రాత అది. గంగాధరకు అరబ్బీ మాట వచ్చు, రాత రాదు. దేవుడి మాటే అయ్యుంటుందని నమ్మకం. ఏ దేవుడైతేనేం, బండి కింద పడుకున్నవాడికి పైన ఎవరో ఒకరుండాలి.

ఆ ఎర్రకారు అసలుది కాదు. ఎప్పటిదో ఇంగ్లీషు పరుగుబండికి నకలు. ముక్కలన్నీ పెట్టెల్లో వస్తాయి, కొన్నవాళ్ళే బిగించుకోవాలి. కిట్టు కారంటారు. వెంకటేశ్వరికి ఆ కిట్టు కిట్టదు. బాడీ అంతా ఫైబరు, అంటే పై బరువు లేనిది. బాబా స్నేహితులతో శుక్రవారాలు చేరి ఎవరి నకలు అసలుకు దగ్గరో గొంతులు పోయేలా వాదించేవాడు. స్నేహితులు ఒకసారి కొన్న కంపెనీ దగ్గర మళ్ళీ కొనేవాళ్ళు కాదు. బాబా మాత్రం మూడుసార్లూ బ్రాకెన్ అనే చిన్న కంపెనీ బండే తెప్పించి గంగాధర చేతనే కట్టించాడు; ఈ ఎర్రది మూడోది. "బ్రాకెన్ అల్లుడా" అని ఏడిపించినా నవ్వి ఊరుకునేవాడు. జూలైలో లండన్ వెళ్తూ తాళం గంగాధర చేతిలో పెట్టి, "నువ్వే చూసుకో" అన్నాడు.

కారు కింది నుంచి గంగాధరకు భార్య పాదాలు కనబడ్డాయి. అవి కోపంగా ఉన్నాయి.

"పక్కింటి డ్రైవరు అసిఫ్ వచ్చి చెప్పిపోయినాడు. రేపు తెల్లారి అయిదుకు బస్సంట. జోర్డాన్ దేశంలో అమ్మాన్ దాకా పోతే ఆడ మన విమానం. ఇద్దరి పేర్లూ రాయించినాడు." అమ్మాన్ అన్నప్పుడల్లా ఆమె గొంతులో అమ్మ మెదులుతోంది.

"నువ్వు పో."

"నువ్వు?"

"బండి విడిచి యాడికొచ్చేది? పక్కవీధిలో మిలిట్రీవాళ్ళు కార్లన్నీ తోలకపోతాండారు. బాబా వచ్చి అడిగితే ఏం చెప్పాల?"

"ఆ తాళం ముఖ్యమా, నువ్వు కట్టిన ఈ తాళి ముఖ్యమా?"

"రెండూ నన్ను నమ్మినోళ్ళే ఇచ్చినారు."

"బ్రాకెనోడు నీకు పిల్లనిచ్చినాడా?"

"పిల్లనిచ్చింది మా అక్క. బండి ఇచ్చింది బాబా."

ఆ పాదాలు కాస్త దగ్గరికి వచ్చాయి. గొంతు తగ్గింది. "సిపాయి తుపాకీ పెట్టి తాళమడిగితే ఇస్తావా మామా?"

గంగాధర జేబులో తాళాన్ని తడుముకున్నాడు.

"ఇయ్యవు. నాకు తెలుసు. అప్పుడు నేనొక్కదాన్నే ఊరికి పోయి మీ అక్కకు ఏం చెప్పాల?"

అతను మెల్లగా బయటికి జరిగాడు. ఆమె ఏడవడం లేదు. అది మరీ కష్టంగా ఉంది చూడ్డానికి.

"అయితే విప్పు," అంది.

"ఏంది?"

"బండి విప్పు. పెట్టెల్లో వచ్చిందే గదా. లేని కారును ఎవుడు తోలకపోతాడు?"

"రెండేండ్లు కట్టినానే."

"కట్టినోడివి విప్పలేవా? జరుగు." చీర కుచ్చిళ్ళు దోపుకుని పనిముట్ల పెట్టె ముందు కూర్చుంది. "వెనక బాడీకి పదమూడు పానా, ముందర పదిహేడు. సీటు కింద రెండు పొడుగు మరలు, ఒకటి ఎదురు తిరుగుతాది. అంతే గదా?"

గంగాధర నోరు తెరిచి చూశాడు. ఆ రెండేళ్ళ శుక్రవారాల్లో టీ పళ్ళెం పట్టుకుని మూతి ముడుచుకుని నిలబడిందనుకున్నాడు. మూతే ముడిచింది, కళ్ళు ముయ్యలేదు.

మధ్యాహ్నానికి మరలన్నీ ఊరగాయ సీసాల్లోకి చేరాయి. ఒక్కో సీసాకు ఒక్కో రంగు దారం ఆమే కట్టింది. చక్రాలు బియ్యం బస్తాల వెనక్కి, స్టీరింగు ఇంటావిడ బట్టల బీరువాలోకి పోయాయి. చివరికి బాడీ దగ్గర ముగ్గురూ మూడు వైపులా నిలబడ్డారు. ఎప్పుడూ తాగిన కప్పు కూడా తీయని ఇంటావిడ నడుముకు దుపట్టా బిగించి "యల్లా, కానివ్వండి" అంది.

లేపారు. లేచింది. ఇద్దరు ఆడవాళ్ళూ ఒక మగాడూ ఒక కారును చేతుల్లో పట్టుకుని వాకిట్లోకి నడిచారు. ఎండకు ఎర్రగా మెరుస్తూ, గాలికి తేలుతున్నట్టు. ఇన్నాళ్ళూ దాన్ని మోస్తున్నానని గుండెల మీద ఎంత బరువు పెట్టుకున్నాడో గంగాధరకు అప్పుడు తెలిసింది.

గరేజీలో మిగిలిన ఇంజనూ దాన్ని మోసే ఇనపచట్రమూ పాత తివాచీల కింద పడుకున్నాయి. సాయంత్రం నమాజుకు ముందు ముగ్గురు సిపాయిలు వచ్చారు. ఎర్రటి పరుగుబండి ఏదని అడిగారు. వాకిట్లో ఇటుకల మీద చక్రాల్లేని ఎర్రడొప్ప. లోపల ఉల్లిపాయలు, పైన ఆరేసిన దుప్పట్లు. ఒక సిపాయి వేలి కణుపుతో కొట్టి చూశాడు. డొప్ డొప్. "ప్లాస్టిక్," అని నవ్వాడు. గంగాధర ఆ నవ్వును పళ్ళ బిగువున భరించాడు. పోతూ పోతూ ఇంటావిడ రోజువారీ కారు తోలుకుపోయారు. ఆమె తలుపు మూసి, గడియ మీద చెయ్యి అట్లాగే ఉంచి చాలాసేపు నిలబడింది.

తర్వాత డొప్పను లోపలి గదిలోకి మార్చడానికి పక్కకు వొరిగించారు. గంగాధర కంగారుపడ్డాడు. "మామా, మెల్లగా. అక్కడ దేవుడి మాట ఉంది, నేలకు తగలకూడదు."

"ఏ దేవుడు?" అంటూ ఇంటావిడ వంగి చదివింది. మళ్ళీ చదివింది. తల ఎత్తినప్పుడు ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"'ఈ బండి కట్టిన చేతులు గంగాధరవి. అవి ఏది కడితే అదే నా కంపెనీ.' ఇదీ రాసింది." ఆమె తడుముకుంటూ చెప్పింది. "బాబాకు మనసంతా ఇంకో కంపెనీ బండి మీదే. గంగాధర చేతికి బ్రాకెన్ అలవాటైంది, మారిస్తే వాడు తడబడతాడు, అనేవాడు."

ఇన్నాళ్ళూ గంగాధర రోజూ పొద్దున తన పేరుకే తాను దండం పెట్టుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండు అరచేతులూ చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో నలుపు. ఇంత పెద్దమనిషి ఈ చేతుల కోసం తన ఇష్టాన్ని చంపుకున్నాడా? అతను నేలమీద కూలబడ్డాడు. పక్కన వెంకటేశ్వరి కూర్చుని ఆ చేతులను ఒళ్ళోకి తీసుకుంది.

"పో," అంది ఇంటావిడ. "బాబా నీకిచ్చింది బండిని కాదు. పోయి ఆ చేతులను కాపాడు. రేపు మా తమ్ముడు వచ్చి నన్ను సబా అల్ సలేంలోని తన ఇంటికి తీసుకుపోతాడు."

గంగాధర తాళం ఆమె పాదాల దగ్గర పెట్టాడు.

తెల్లవారి బస్సులో మనిషికో మూట. వెంకటేశ్వరి ఒళ్ళో మాత్రం గుడ్డ చుట్టిన ఊరగాయ సీసా. బస్సు ఊరు దాటి ఎడారిలో పడ్డాక గంగాధరకు ఆకలేసింది.

"ఊరగాయ తియ్యి, రొట్టెతో తిందాం."

ఆమె గుడ్డ విప్పింది. సీసా మెడకు ఎర్రదారం, లోపల మరలు. వెనక బాడీవి, పదమూడు నంబరువి.

"ఇవెందుకు మోస్తాండావే?"

"ఇవి లేకుంటే ఇంకెవురూ దాన్ని బిగించలేరు గదా," అంది కిటికీలోంచి చూస్తూ. "మామాకు చెప్పే తెచ్చినా. మళ్ళా వచ్చి మనమే బిగిస్తామని."

గంగాధర సీసాను చేతుల్లోకి తీసుకుని, ఆమె కట్టిన ఎర్రదారాన్ని తడిమి, ఒకసారి కళ్ళకద్దుకున్నాడు. ఈసారి ఎవరికి దండం పెడుతున్నాడో అతనికి తెలుసు.