చప్పుడు చేయరాని మలుపు

రాతి క్వారీ దాటిన తరువాత రోడ్డు ఒక్కసారిగా కిందికి వాలుతుంది. ఆ వాలు నడుమ, మలుపు దగ్గర, కప్పు కూలిన ఇల్లొకటి ఉన్నది. పూర్వం అందులో ఒక స్త్రీ ఒంటరిగా ఉండేదట. ఆమె భర్త ఆ వాలులోనే లారీ కింద పడి మరణించాడట. ఆమె కూడా పోయిన తరువాత ఆ చోటికి చెడ్డపేరు వచ్చింది. ఇంజను చప్పుడు వింటే ఆమె లేచి వస్తుందనీ, బండిని వెనుక నుండి లోయలోకి తోస్తుందనీ డ్రైవర్ల నమ్మకం.

అందుచేత అక్కడ దిగేవారందరూ రేడియో కట్టేసి, టాప్ గేరు వేసి, ఇంజను గొణుగుడు కూడా వినబడనీయకుండా పిల్లుల్లా జారిపోయేవారు.

అయినా... ఏటా ఏదో ఒక బండి లోయలో పడుతూనే ఉండేది.

మా చిన్నల్లుడు వడ్రంగి. చిత్రిక పట్టే పాత యంత్రమొకటి కొని, ట్రైలరు మీదికి ఎక్కించి, తన డీజిలు ఫోర్ వీల్ జీపు వెనుక తగిలించుకొని వస్తున్నాడు. పక్కన మా అమ్మాయి, ఏడో నెల గర్భిణి. ఇదంతా ఆమె నాతో చెప్పినదే. నేనొక్క ముక్క చేర్చలేదు.

వాలు నెత్తికి వచ్చేసరికి చీకటి పడింది. అతడు టాప్ గేరు వేశాడు.

"అవతల ఎక్కేటప్పుడు రెండో గేరులోనే మూలిగింది కదండీ... దిగడానికి నాలుగా?" అన్నది అమ్మాయి.

"గట్టిగా మాట్లాడకు. ఇక్కడ చప్పుడు చేయకూడదు."

"దెయ్యానికి జడిసే మొగుడు దొరికాడు నాకు!"

"మీ అమ్మకు జడిసి జడిసి అలవాటైపోయిందిలే..."

ఆమె నవ్వబోయింది. ఆ నవ్వు అక్కడే ఆగింది. వెనుక నుండి...

ధబ్.

జీపు ముందుకొక తోపు తిన్నది. అతడు బ్రేకు తొక్కాడు. వేగం తగ్గినట్టే తగ్గి, మరల పెరిగింది. మళ్లీ — ధబ్. ఎవరో అరచేతులు ఆనించి నెడుతున్నట్టు... ఏదో కాలుతున్న వాసన. బ్రేకు పెడలు మెత్తబడి, పాదం కిందనే నేలకు దిగిపోయింది.

"తోస్తోంది..." అని అతడు గుసగుసలాడాడు. "అదే... తోస్తోంది."

"గేరు తగ్గించండి!"

"చప్పుడవుతుంది—"

"అవనివ్వండి! కడుపులో బిడ్డ ఉందండీ!"

అతడు క్లచ్ తొక్కి గేరు రాడ్డును లాగాడు. అది నాలుగు నుండి బయటికైతే వచ్చింది గాని, కింది గేరులోకి పోలేదు. ఇనుము మీద ఇనుము కీచుమన్నది. ఏ గేరూ లేని బండి బండరాయిలా దొర్లసాగింది. అంతలో దీపాల వెలుగులో మలుపు... ఆ ఇంటి మొండిగోడ... అతడు రాడ్డు వదలి, రెండు చేతులతో స్టీరింగు తిప్పాడు.

ఖట్!

గేరు పడింది. క్లచ్ మీది కాలు అదురుపాటుకు పైకి లేచింది. ఇంజను కొండంతా దద్దరిల్లేటట్టు గర్జించింది. వెనుక నుండి ఎవరో పట్టి లాగినట్టు బండి వేగం చచ్చిపోయింది. ఆ ఇంటి ముందు నుండే, అంత చప్పుడు చేసుకుంటూ, నత్తనడకన దిగిపోయారు.

వాలు అడుగున మెకానిక్ షెడ్డు. పొగలు కక్కుతున్న చక్రాలను చూసి ముసలి మెకానిక్ తల కొట్టుకున్నాడు.

"తోసింది దెయ్యం కాదయ్యా, నీ యంత్రమే. అంత బరువు తగిలించుకొని టాప్‌లో దిగితే ఇంజను బండిని పట్టి ఉంచదు. భారమంతా బ్రేకుల మీద పడి అవి కాలిపోతాయి. రెండో గేరులో గోల చేసుకుంటూ దిగాలి! ఆవిడకు చప్పుడు పడదని ఎవడు పుట్టించాడో గాని, ఆ మాట నమ్మినవాళ్లనే లోయలోంచి తీస్తున్నాం."

ఇద్దరికీ పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టయింది. మా అల్లుడు సిగ్గుపడుతూ భార్య వైపు తిరిగాడు.

"ఏమాటకామాటే. మలుపులో నా చేతులు రెండూ స్టీరింగు మీద ఉంటే, నువ్వు రాడ్డు అందుకొని రెండులోకి వేశావు చూడు... అందుకే బతికాం."

మా అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"నేనా?... నా రెండు చేతులూ కడుపు మీదే ఉన్నాయండీ."