వెనక వైపు గుండుసూదులు

వాళ్ళిద్దరి పరిచయం ఒక చెయ్యి విరగడంతో మొదలైంది. కంగారు పడకండి, విరిగింది బొమ్మ చెయ్యి.

అదో పెద్ద బట్టల షాపు. రోడ్డు వైపు నిలువెత్తు అద్దం, అద్దం వెనక చెక్క వేదిక, దాని మీద వరసగా బొమ్మలు. వాటికి బట్టలు తొడగడం ఆమె ఉద్యోగం. వేదికలు కొట్టడం, లైట్లు బిగించడం అతని ఉద్యోగం. చేరిన రోజే అతను కొట్టిన సుత్తి దెబ్బకి వేదిక అదిరి, ఓ బొమ్మ బోర్లా పడి, చెయ్యి ఊడి వచ్చింది.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అంది ఆమె.

"లేదండీ, మేకు మీదున్నాయి."

"మరి బొమ్మెందుకు పడింది?"

"మీ అరుపుకి జడుసుకుని పడుంటుంది."

ఆ రోజు నుంచి అతని పేరు మేకు. ఏకులా వచ్చి మేకులా తగులుకున్నాడని ఆమె షాపంతా చెప్పుకుంది. ఎప్పుడు చూసినా పెదాల మధ్య సూదులు పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆమె పేరు గుండుసూది. రెండు పేర్లూ అతుక్కుపోయాయి. 'మీరు' అన్నవాళ్ళు 'నువ్వు'లోకి ఎప్పుడు దిగారో వాళ్ళకే తెలియదు.

ఆ పనిలో బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. ఏ డ్రెస్సూ ఏ బొమ్మకీ సరిపోదు. వదులంతా వీపు వైపు లాగి గుండుసూదులు గుచ్చుతారు. రోడ్డు మీంచి చూసేవాళ్ళకి ఒంటికి కుట్టినట్టే ఉంటుంది. వీపున గుచ్చిన సూదులు కనిపించేది లోపల నిలబడి పనిచేసేవాళ్ళకే.

ఓ వాన రోజు, అద్దం మీద నీళ్ళు ధారలు కడుతుంటే, అతను నిచ్చెన దిగి వచ్చాడు.

"ఓయ్ గుండుసూదీ, నీకో మాట చెప్పాలి."

ఆ మాటేమిటో ఆమెకు తెలుసు. ఆడపిల్లకి ఆమాత్రం తెలియదా? అయినా, "రేపట్నుంచి లీవు. అపెండిక్స్ ఆపరేషన్. వచ్చాక చెబుదువులే," అంది.

"చాలా చిన్న మాట. ఇప్పుడే చెప్పేస్తా."

"వచ్చాక."

అపెండిక్స్ అబద్ధం. ఆమె వెళ్ళింది రొమ్ములు పెంచే ఆపరేషన్ కోసం.

ఎవరి కోసం అని అడిగేవాళ్ళు అడుగుతారు. బళ్ళో తోటిపిల్లలు ఆమెను 'పలక' అనేవాళ్ళు. పెద్దయ్యాక ఎవరూ అనలేదు గానీ, రోజూ ఆ బొమ్మల పక్కన నిలబడి, అద్దంలో బొమ్మనీ తననీ చూసుకుంటూ, ఆమే అనుకునేది. ఒక్కసారి, తనకి నచ్చిన డ్రెస్సు సూదులు లేకుండా వేసుకోవాలని ఆశ. అంతే.

మొదటి వారం నొప్పిలోనే ఓ పిచ్చి సంతోషం. చెయ్యి భుజం దాటి లేవదు. వెల్లకిలా, వీపు కింద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, పక్కకి తిరగకుండా పడుకోవాలి. తల దువ్వాలంటే అక్కే దువ్వాలి, జాకెట్టు హుక్కులు అక్కే పెట్టాలి. ఛాతీ మీద ఎవరో బండ పెట్టి మరిచిపోయినట్టుంది. అయినా కట్టు వైపు చూసుకుని లోలోపల మురిసిపోయేది.

తర్వాత ఎడమ వైపు ఎర్రబడింది. ముట్టుకుంటే కాలిపోతోంది. జ్వరం వచ్చింది. కుట్ల సందులోంచి చీము కారడం మొదలైంది. మందులు మార్చారు, ఇంజెక్షన్లు పెంచారు, ఏదీ పని చెయ్యలేదు. లోపల పెట్టిన ఇంప్లాంట్ తీసెయ్యక తప్పదన్నాడు డాక్టరు. తీసేశారు. గాయం పూర్తిగా మానాక, కొన్ని నెలలాగి, అప్పుడు చూద్దామన్నాడు.

కుడి వైపు కొత్తది. ఎడమ వైపు అంతకు ముందున్నంత కూడా లేదు. కుట్లు పడి, లోపలికి గుంటపడి ఉంది. పక్కనించి సన్నటి గొట్టం, గొట్టం చివర చిన్న సీసా, అందులో ఎర్రటి నీరు.

"కొరివితో తల గోక్కున్నావే," అంది అక్క సీసా మారుస్తూ. "ఎంత మొత్తుకున్నానే! వినలేదు. ఇప్పుడు చూడు, ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె."

ఆమె గోడ వైపు ముఖం తిప్పుకుంది. ఒళ్ళు తిప్పుకోలేదు కాబట్టి ముఖం ఒక్కటే. అక్క నాలిక్కరుచుకుంది. కాసేపటికి వచ్చి జడ అల్లింది. అల్లుతూ అక్కే ఏడ్చింది.

ఫోన్ మోగుతూనే ఉంది. మేకు. ఆమె ఎత్తలేదు. ఏమని ఎత్తుతుంది? ఆ చిన్న మాట అతను చెప్పాలనుకున్నది ఈ మనిషికి కాదు కదా. ఇలా ఉన్న తనని ఒక మగవాడు చూడటం అనే ఆలోచన రాగానే ఫోన్‌ని దిండు కిందికి తోసేసేది.

ఎత్తకపోతే ఊరుకునే రకమా? ఓ ఆదివారం మధ్యాహ్నం ఇంటికే వచ్చేశాడు.

"బాబూ, పడుకుంది అది," అంది అక్క.

"లేపొద్దండీ. లేచేదాకా కూర్చుంటా. నాకేం తొందర లేదు."

ఆమె ఒంటి చుట్టూ దుప్పటి కప్పుకుని ముందు గదిలోకి వచ్చింది.

"ఏం మేకూ, దిగబడ్డావ్?"

"అపెండిక్స్‌కి ఇన్ని వారాలా? ఎక్కడో సంబంధం కుదిరిందేమో, మొహం చాటేస్తున్నావనుకున్నా. ఉంటే చెప్పు, పోతా. లేకపోతే ఇది చూడు."

ఫోన్‌లో ఫోటో చూపించాడు. షాపు అద్దం. లోపల బొమ్మలన్నీ రోడ్డుకి వీపు చూపిస్తూ నిలబడ్డాయి. వీపుల నిండా బారులు తీరిన గుండుసూదులు.

"నువ్వు లేవని నేనే అలంకరించా. పాదాల కింద బోల్టులు పొరపాటున తిరగేసి బిగించా. బొమ్మలు రోడ్డు వైపు తిరగమంటే తిరగవే! మేనేజరు నన్ను నమిలి మింగేశాడు. రోడ్డు మీద జనం మాత్రం పెద్ద సర్కస్ చూసినట్టు చూశారు."

ఆమెకు నవ్వొచ్చింది. వారాల తర్వాత వచ్చిన నవ్వు, ఆపుకోలేకపోయింది. "ఆపు, నవ్వించకు, కుట్లు..." అంటూ ఎడమ వైపు ఛాతీని అరచేత్తో అదుముకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అతని నవ్వు ఆగిపోయింది.

"అపెండిక్స్ కడుపులో కదా ఉండేది?"

ఎన్నాళ్ళని దాస్తుంది? చెప్పేసింది. ఏం చేయించుకుందో, ఏం వికటించిందో, ఏం తీసేశారో. మాటలు మెత్తబరచలేదు.

అతను ఫోన్ జేబులో పెట్టేశాడు. "ఓసారి షాపులో కుర్రాడి బొమ్మ మోస్తూ... నీకూ దానికీ ఒకే షర్టు సరిపోతుందన్నాను. దాని వల్లా?" అన్నాడు.

"అంత సీన్ లేదు నీకు," అంది. దుప్పటి సర్దుకుని, "కానీ నొచ్చుకున్నా. నోట్లో సూదులున్నాయి కాబట్టి బతికిపోయావ్," అంది.

అతను లేచాడు. "సరే... వెళ్తా," అన్నాడు. వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర చెప్పులు తారుమారుగా వేసుకుని, మళ్ళీ మార్చుకుని, వెనక్కి తిరగకుండా వెళ్ళాడు.

ఆ తర్వాత ఫోన్ మోగలేదు. మోగినన్నాళ్ళూ ఎత్తనిది, మోగకపోయేసరికి దాన్ని దిండు పక్కనే పెట్టుకుంది. మనిషి బుద్ధి!

గొట్టం తీశారు. కుట్లు విప్పారు. చేత్తో బరువులెత్తకుండా, చెయ్యి పైకి లేపకుండా పనిలోకి వెళ్ళొచ్చన్నారు. ఎడమ వైపు దూదీ గీదీ పెట్టుకోవద్దు, గాయం ఇంకా పచ్చిగానే ఉందన్నారు.

షాపు తెరవకముందే వెళ్ళింది. అద్దానికి లోపల తెర వేసి ఉంది. బొమ్మలు ముందుకు తిరిగి, బట్టల కోసం ఎదురుచూస్తున్నాయి. ఆమె వేసుకున్న షాపు కోటు కుడి వైపు నిండుగా, ఎడమ వైపు ముడతపడి లోపలికి పోయింది. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, లోపలి గోడకున్న నిలువుటద్దం ముందు నిలబడింది. కోటు వదులు వెనక్కి లాగి సూది గుచ్చుకుందామని చూసింది. చెయ్యి వెనక్కి వెళ్ళలేదు. నొప్పి సర్రున భుజం దాకా పాకింది.

"గుండుసూదీ."

వేదిక కింద నుంచి మేకు పాక్కుంటూ బయటికి వచ్చాడు. జుట్టు నిండా రంపపు పొట్టు.

"ఫోన్ కూడా చెయ్యలేదేం?" అంది ఆమె, నవ్వకుండా.

"ఏం మాట్లాడినా తప్పైపోతుందేమోనని. ఆలోచించి మాట్లాడటం నాకు అలవాటు లేదు కదా. ఆలోచిస్తుంటే రోజులు గడిచిపోయాయి."

"ఎలా ఉన్నాను? నిజం చెప్పు."

అతను చూశాడు. తప్పించుకోకుండా చూశాడు.

"కోటు వంకరగా ఉంది," అన్నాడు. "ఉండు."

ఆమె చేతిలోంచి సూదులు తీసుకుని వెనక్కి వెళ్ళాడు. బట్ట మడత పెట్టాడు, చాలా నెమ్మదిగా, ఒంటికి తగలకుండా. ఒకటి, ఇంకొకటి.

"ఇప్పుడు రోడ్డు మీద వాళ్ళకి తెలియదు."

"నీకు తెలుసుగా."

"నేను లోపలి వాణ్ని కదా."

ఆమె అతని వైపు తిరిగింది.

"ఆ చిన్న మాట చెప్పు."

"ఇప్పుడు చెప్తే జాలి అంటావ్."

"చెప్పకపోతే భయం అంటా."

చెప్పాడు. గట్టిగానే చెప్పాడు, బొమ్మలన్నిటికీ వినిపించేలా.

"నాకూ నువ్వంటే ఇష్టమే," అంది ఆమె. "కానీ విను. మళ్ళీ ఆపరేషన్ చేయించుకుంటానేమో. ఉన్నది కూడా తీయించేసుకుంటానేమో. నాకింకా తెలియదు. నువ్వు వద్దనకూడదు, కావాలనకూడదు."

"అనను. కానీ ఈసారి అపెండిక్స్ అని చెప్పకు. ఆస్పత్రి బయట బెంచీ మీద నేను కూర్చోవాలి."

ఆమె తల ఊపింది. బయట బస్సు కోసం నిలబడ్డ జనం మాటలు వినిపిస్తున్నాయి. వాన తుంపర మొదలైనట్టుంది, ఎవరో గొడుగు విప్పారు.

"తెర తియ్యి. నా చెయ్యి లేవదు."

అతను తాడు లాగాడు. వెలుతురు ఒక్కసారిగా లోపలికి వచ్చింది. బస్సు స్టాపులో నాలుగైదు ముఖాలు ఇటు తిరిగాయి. ఆమె చేతులు అలవాటుగా ఛాతీ మీదికి వెళ్ళబోయి, సగంలో ఆగాయి. వాటిని కిందికి దించి, దగ్గరున్న బొమ్మకి చొక్కా తొడగడం మొదలుపెట్టింది.